పాపకు పదిహేను నెలలు నిండేదాకా

మా పాపకు 2025 సెప్టెంబరు 20తో పదిహేను నెలలు నిండాయి. ఆఫీసులో నాకు ఇచ్చిన పాల విరామాలు ఆ రోజుతో అయిపోయాయి. ప్రసూతి సెలవు గురించి నాకు చాలామంది చెప్పారు. సెలవు అయిపోయాక మొదలయ్యే రోజుల గురించి ఎవరూ చెప్పలేదు. ఏ రోజు ఏం జరిగిందో డైరీలో రాసుకుంటూ వచ్చాను కాబట్టి తేదీలతో సహా రాస్తున్నాను. చంటిబిడ్డను ఇంట్లో వదిలి ఉద్యోగానికి వెళ్లబోతున్న వాళ్లకు పనికొస్తుందని ఆశ.

మాది పాలకొల్లు. నేను భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. తొమ్మిదిన్నర నుంచి ఆరింటి దాకా పని, ఆదివారం ఒక్కటే సెలవు. మా ఆయన రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్. కాళ్ల, ఆకివీడు వైపు చెరువుల మీద తిరగడం ఆయన పని. ఇంట్లో మాతోపాటు అత్తయ్య ఉంటారు. ఆవిడకు అరవై మూడేళ్లు, మోకాళ్ల నొప్పి.

డాక్టరుగారు చెప్పిన కాన్పు తేదీ జూన్ 24. మే నెలాఖరుకే కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. ఒకరోజు బస్సులో సీటు దొరక్క వీరవాసరం దాకా నిలబడి వెళ్లాను. ఆ సాయంత్రమే సెలవు చీటీ రాసి, 2024 జూన్ 3 నుంచి ఇంట్లో ఉండిపోయాను. పాప జూన్ 20న పుట్టింది.

ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. ఆ లెక్క మనం సెలవు మొదలుపెట్టిన రోజు నుంచి నడుస్తుంది గానీ బిడ్డ పుట్టిన రోజు నుంచి కాదు. కాన్పుకు ముందు వాడుకున్న ప్రతి రోజూ తర్వాత తగ్గిపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. కానీ దీపావళి మర్నాడు క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చునేదాకా దాని బరువు తెలియలేదు. డిసెంబరు 1తో సెలవు ఆఖరు. పాపకు ఆరు నెలలు నిండేది డిసెంబరు 20న. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మధ్యలో పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజులు పాప ఏం తాగుతుంది?

నవంబరు 4న ఆఫీసుకు మెయిల్ పెట్టాను. జీతం లేకపోయినా ఫర్వాలేదు, పద్దెనిమిది రోజులు ఇవ్వండి అని. పదకొండు రోజులు జవాబు లేదు. 15న ఫోన్ వచ్చింది. డిసెంబరులో షిప్‌మెంట్లు ఎక్కువ, రెండో తారీఖున రాకపోతే కష్టం అన్నారు. ఇంటి నుంచి పని చేస్తానంటే, అకౌంట్స్ వాళ్లకు కుదరదన్నారు. యజమాని ఒప్పుకుంటేనే ఇంటి నుంచి పని అని చట్టంలోనే ఉంది కాబట్టి దాని గురించి ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నా జీతం 24,500. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తించదు, సెలవు జీతం కంపెనీయే ఇవ్వాలి. కాన్పు అయినట్టు కాగితం ఇచ్చిన 48 గంటల్లో మిగతా మొత్తం చెల్లించాలని చట్టం. నాకు మాత్రం జులై, ఆగస్టు కలిపి సెప్టెంబరు 9న వేశారు. బారసాల ఖర్చుకు అమ్మ దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. కాన్పు ముందూ వెనకా ఉచిత వైద్యం కంపెనీ చూపించకపోతే 3,500 మెడికల్ బోనస్ ఇవ్వాలి. అది అడిగితే వచ్చింది. అడగకపోతే వచ్చేది కాదు.

ఆఫీసు ఒప్పుకోదని తేలాక ఇంట్లో పాలు నిల్వ చేయడం మొదలుపెట్టాను. ముందు తొమ్మిది వందలు పెట్టి చేత్తో నొక్కే పంపు కొన్నాను. నాలుగు రోజులకే మణికట్టు పట్టేసింది. తర్వాత కరెంటుది 4,200కు కొన్నాను. మొదటే అది కొనాల్సింది. మొదటి వారం ఒక్కోసారి నలభై మిల్లీలీటర్లు కూడా వచ్చేవి కాదు. సీసా అడుగున ఆ కొంచెం పాలు చూసి, నాకు పాలు లేవేమో, పాప ఇన్నాళ్లూ సగం కడుపుతో ఉందేమో అని టెన్షన్. పంపుకు వచ్చేవి వేరు, బిడ్డ నోటికి వచ్చేవి వేరు అని టీకాకు వెళ్లినప్పుడు నర్సమ్మగారు చెప్పారు. పాప ఒక పక్క తాగుతుంటే రెండో పక్క పంపు పెట్టడం మొదలుపెట్టాక పెరిగాయి. సీసాల మీద అంటుకునే టేపు వేసి తేదీ, టైము రాసి ఫ్రిజ్ లోపలి అరలో పెట్టేదాన్ని. తలుపు అరలో పెట్టకూడదు, తీసి వేసినప్పుడల్లా చల్లదనం మారుతుంది.

ఇక పట్టించడం. పాప సీసా ముట్టలేదు. మూడు రకాల పీకలు మార్చాం. నేను ఎదురుగా ఉంటే అసలు నోరు తెరవదు. నవంబరు 20 దాటింది, ఇంకో పది రోజుల్లో నేను వెళ్లాలి. అప్పుడు అత్తయ్య అటక మీద ఇత్తడి బిందెలో దాచిన వెండి ఉగ్గుగిన్నె తీశారు. మా ఆయనకు చిన్నప్పుడు పట్టిందట. దాన్ని మరిగే నీళ్లలో వేసి తీసి, పాపను ఒళ్లో కొంచెం ఎత్తుగా పడుకోబెట్టుకుని, గిన్నె ముక్కును పాప పెదవి అంచున ఆనించి వంచారు. గుటక గుటకకీ ఆగి చూస్తూ ముప్పై మిల్లీలీటర్లు తాగించేశారు. నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. మూడు వారాలుగా గొంతులో ఉన్నది కిందికి దిగినట్టయింది.

ఆ మర్నాడే ఇంకో గొడవ. నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి అత్తయ్య ఫ్రిజ్‌లో సీసా తీసి గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టారు. పాలు పొంగుతున్నాయి. రెండు రోజులు తీసిన పాలు అవి. నేను ఏడ్చేశాను. "కాచని పాలు పిల్లకెలా పడతారమ్మాయ్?" అని ఆవిడ నిజంగానే భయపడిపోయారు. గేదె పాలు కాచకుండా ఎవరికీ ఇవ్వని మనిషి. తప్పు ఆవిడది కాదు, ముందే చూపించని నాది. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చన చేయడం, ఒకసారి వెచ్చబెట్టినవి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకపోవడం కూర్చుని చేసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఆ రాత్రి పాపను ఊపుతూ ఉపమన్యువు కథ చెప్పారు. పాల కోసం ఏడ్చిన పిల్లవాడికి శివుడు ఇక్కడ పాలు పుట్టించాడని, అందుకే ఇది క్షీరపురి అయిందని మా ఊరి స్థలపురాణం. ఎన్నిసార్లో విన్న కథే. ఆ రోజు మాత్రం అందులో ఏడుస్తున్న పిల్లవాడే కళ్ల ముందు కనిపించాడు.

2024 డిసెంబరు 2, సోమవారం. నాలుగున్నరకు లేచి పాలు తీశాను, పాపకు పట్టాను, మళ్లీ తీశాను. ఏడున్నరకు బస్టాండులో ఉన్నాను. చేతిలో రెండు సంచులు, ఒకటి కేరేజీ, ఒకటి పంపు, ఐసు ప్యాకులు. బస్సు కదలగానే ఏడుపు వస్తుందనుకున్నాను గానీ రాలేదు. పదకొండున్నరకు బ్యాంకు స్టేట్‌మెంటు సరిపోలుస్తుంటే వచ్చింది. పాప ఆకలికి లేచే టైము అది. ఒంట్లో పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. చీర కొంగు ముందుకు లాక్కుని లేచాను. వెళ్లడానికి చోటు లేదు. బాత్రూములో నిలబడి పంపు పెట్టుకుంటే ప్లగ్గు లేదు. చివరికి పాత ఫైళ్ల గదిలో, గడియ లేని తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి కూర్చున్నాను. బయట అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా పాలు ఆగిపోయేవి. బిగుసుకుపోతే పాలు చేపవన్నది నాకు ఆ గదిలోనే అర్థమైంది.

వారం అలా గడిచింది. అకౌంట్స్ సెక్షన్‌లో నాతోపాటు పనిచేసే పెద్దావిడ ఒకరు, "నోటితో అడిగితే నోటితోనే వద్దంటారు, కాగితం మీద పెట్టు" అన్నారు. ఆవిడకు ఇద్దరు పిల్లలు, ఇద్దరప్పుడూ ఇదే బాధ పడ్డారు. డిసెంబరు 9న ఉత్తరం రాశాను. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా మామూలు విశ్రాంతి కాకుండా రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. ఈ హక్కులన్నీ ఉద్యోగంలో చేరేటప్పుడే కాగితం మీద తెలియజేయాలి. మూడు విషయాలూ చట్టం పేరుతో సహా రాశాను. నా బిడ్డ ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది కాబట్టి ఆ విరామాల్లో పంపుతో పాలు తీసుకుంటాను, గడియ, ప్లగ్గు ఉన్న గది ఒకటి చాలు అని చివర్లో రాశాను.

మా దగ్గర ఆ గది నిజంగానే ఉంది. పీలింగ్ షెడ్డు పక్కన, తలుపు మీద బోర్డుతో సహా. ఆడిటుకు వచ్చేవాళ్లకు చూపించడానికి. లోపల నేల నుంచి కప్పు దాకా థర్మోకోల్ పెట్టెలు. షెడ్డులో వందల మంది ఆడవాళ్లు రొయ్యలు ఒలుస్తారు. వాళ్లలో చంటిపిల్లల తల్లులు ఎంతమందో. ఆరేళ్లుగా ఆ గది ముందు నుంచే నడిచి వెళ్తున్నాను, ఒక్కసారి కూడా లోపల ఏముందో చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

జవాబు డిసెంబరు 26న వచ్చింది, పదిహేడు రోజులకు. రెండు విరామాలు, ఒక్కోటి ఇరవై నిమిషాలు. గది సగం ఖాళీ చేయిస్తామన్నారు. జనవరి 6న గడియ బిగించారు. ఒక కుర్చీ, ఒక స్టూలు, ఒక ప్లగ్గు. అంతే. ఆ రోజు తలుపు వేసుకుని కూర్చున్నాక మొదటి ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాను.

ఈలోగా అన్నప్రాశన అయింది. ఆడపిల్లకు బేసి నెలలో పెట్టాలి, నువ్వు ఎలాగూ పనికి వెళ్తున్నావు, ఐదో నెలలో పెట్టేద్దాం అని అత్తయ్య ముందు నుంచీ అంటూ వచ్చారు. డాక్టరుగారు వద్దన్నారు. ఆరు నిండి ఏడో నెల పడ్డాక డిసెంబరు 22, ఆదివారం నాడు క్షీరారామలింగేశ్వరస్వామి గుళ్లో పెట్టాం. శాస్త్రం ప్రకారం బేసి నెల, డాక్టరుగారి ప్రకారం ఆరు నెలలు నిండాయి. ఇంట్లో అందరి మాటా నిలబడింది. పద్దెనిమిది రోజులూ పాప తల్లిపాలతోనే గడిచింది. ఫ్రిజ్‌లో చివరికి మిగిలింది ఒక్క సీసా.

కష్టమంతా పాలదే అనుకుంటే పొరపాటు. నేను ఆఫీసులో కూర్చునేదాన్నే అయినా ఆ ఆవరణ అంతా రొయ్యల వాసన. బట్టలకు, జుట్టుకు పడుతుంది. సాయంత్రం ఏడున్నరకు గుమ్మంలోకి రాగానే పాప నన్ను చూసి రెండు చేతులూ చాపేది. ఎత్తుకుందామంటే అత్తయ్య, "ముందు నీళ్లు పోసుకుని రా, పిల్లకు నీచు వాసన తగలకూడదు" అనేవారు. బాత్రూము తలుపు అవతల పాప ఏడుపు, ఇవతల నేను చెంబుతో గబగబా నీళ్లు. రోజంతట్లో నాకు అన్నింటికన్నా కష్టమైనవి ఆ ఐదు నిమిషాలే. ఫిబ్రవరిలో దీనికో మార్గం దొరికింది. బయట నీళ్ల పంపు దగ్గర తాటాకు దడి కట్టించి, అక్కడ ఒక నైటీ, తువ్వాలు ఉంచమన్నాను. వీధి గుమ్మంలోకి రాకుండా పక్క సందులోంచి వెళ్లి స్నానం చేసి, ఆ తర్వాతే పాపకు కనిపించేదాన్ని. దడికి పదిహేను వందలయింది.

నాకు ఊహకు అందనిది ఇంకోటి జరిగింది. పగలు బాగానే ఉండే పాప జనవరి నుంచి రాత్రి నాలుగైదు సార్లు లేవడం మొదలుపెట్టింది. పగలు ఉగ్గుగిన్నెతో కాసిని తాగి ఊరుకుంటుంది, రాత్రంతా నన్ను వదలదు. పాలు చాలడం లేదు, డబ్బా పాలు కలపండి అని చుట్టాలంతా అన్నారు. డాక్టరుగారు బరువు చూశారు, బాగా పెరుగుతోంది. తల్లి పగలు దూరంగా ఉంటే కొందరు పిల్లలు ఆ తాగడమంతా రాత్రికి మార్చుకుంటారని, అది పాల కొరత కాదని చెప్పారు. కారణం తెలిశాక మనసు కుదుటపడింది గానీ నిద్ర మాత్రం రాలేదు. జనవరి 23న ఆఫీసులో ఒక ఓచరు రెండుసార్లు ఎక్కించేశాను. మరో పార్టీకి వెళ్లాల్సిన 86,000 ఆగిపోయింది. మేనేజరు ఏమీ అనలేదు, అలా చూశారు. ఆ చూపు నన్ను ఇంటి దాకా వదలలేదు.

ఆ రాత్రి మా ఆయనతో గొడవపడ్డాను. ఆయన చెడ్డవారు కాదు. "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అంటారు. ఆ చెప్పడం కూడా నా పనే అయింది కదా అన్నాను. టీకా ఎప్పుడు, సీసాలు మరిగించారా, అత్తయ్యకు మాత్రలు ఉన్నాయా, ఇవన్నీ నా తలలోనే తిరుగుతున్నాయి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆయన ఉద్యోగంలో ఒక విషయం ఉంది. తెల్లవారుజామున చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది. రెండున్నర, మూడు గంటలకు రైతుల ఫోన్లు మొదలవుతాయి. "సార్, రొయ్యలు పైకి తేలుతున్నాయండి, ఏరియేటర్లు సరిపోవట్లేదండి" అని. ఆయన లేచి సమాధానం చెప్పాలి, ఒక్కోసారి బండేసుకుని వెళ్లాలి. పాప లేచేది కూడా సరిగ్గా ఆ వేళకే. ఎలాగూ లేచే ఉంటాను కదా, మూడు గంటలది నేను పడతాను అన్నారు. అత్తయ్య ఆయనకు ఉగ్గుగిన్నె పట్టుకోవడం నేర్పారు. మొదటి రెండు రాత్రులు సగం పాలు పాప మెడలోకి పోయాయి. మూడో రాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే, వరండాలో కుర్చీలో కూర్చుని, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, పాపకు పాలు పడుతూ, సున్నం ఎంత చల్లాలో ఎవరికో చెబుతున్నారు. నేను మళ్లీ పడుకుని ఐదింటి దాకా నిద్రపోయాను. ఏడు నెలల్లో మొదటిసారి వరసగా నాలుగు గంటల నిద్ర.

అప్పటి నుంచి టీకాల కార్డు, సరుకులు, అత్తయ్య మాత్రలు పూర్తిగా ఆయనవి. నేను గుర్తు చేయను అని ఒప్పందం. ఒకసారి మాత్రలు అయిపోయాయి, ఆవిడ రెండు రోజులు నొప్పితో ఉన్నారు. నోరు నొక్కుకుని ఊరుకున్నాను. తర్వాత ఎప్పుడూ అవలేదు.

మార్చి నెల అకౌంట్స్ వాళ్లకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పాపకు తొమ్మిది నెలలు నిండేది 20న, జీఎస్టీ 3బి, అంటే నెలవారీ పన్ను రిటర్ను, వేయాల్సిందీ 20నే. ప్రతి నెలా ఇంతే, పాప నెల నిండే రోజున నేను ఆలస్యంగా ఇంటికి చేరతాను. తట్టు, రుబెల్లా టీకా, విటమిన్ ఎ చుక్కలు 26, బుధవారం నాడు వేయించారు. మా ఆయనే తీసుకెళ్లారు. ఆ రాత్రి జ్వరం వచ్చింది. మర్నాడు సెలవు అడగలేకపోయాను. ఉగాది ఆదివారం, 31న రంజాన్, రెండు రోజులూ ఆఫీసులోనే ఉన్నాను. ఉగాది పచ్చడి కేరేజీలో పెట్టుకుని వెళ్లి పదకొండింటికి తిన్నాను.

ఏప్రిల్ 11న మా ఆడపడుచు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అది ఆమె హక్కు, మాకూ సంతోషమే. కానీ అత్తయ్యకు కాన్పుకు వచ్చిన కూతురు, పాకుతున్న మా పాప, మోకాళ్లు. ఆవిడ ఒక్కమాట అనలేదు. వారం తిరక్కుండా నడుము పట్టేసి మంచం దిగలేకపోయారు. అప్పుడు ఆయాను పెట్టుకున్నాం, నెలకు 8,000. మంచి మనిషి, పాప కూడా అలవాటు పడింది. పంతొమ్మిదో రోజున, "రొయ్యల షెడ్డులో ఇంకా వస్తాయమ్మా" అని చెప్పి మానేసింది. ఆమెకూ ఇద్దరు పిల్లలు. ఏమంటాను?

మే నెలంతా పాపను తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. చించినాడ వంతెన దాటితే మా ఊరు. అమ్మ ఇక్కడికి రాలేదు, ఇంటి దగ్గర పాడి ఉంది. నేనే ఉదయం ఆరుంబావుకు బయలుదేరి, పాలకొల్లులో బస్సు మారి, రాత్రి ఎనిమిదిన్నరకు చేరేదాన్ని. ఎండలకు ఐసు ప్యాకులు దారిలోనే కరిగిపోయేవి. రెండుసార్లు పాలు పుల్లవాసన వస్తే మందార చెట్టు మొదట్లో పోసేశాను. కానీ ఆ నెల పాప గేదె దూడతో, కొబ్బరి మట్టలతో, మా నాన్న భుజాల మీద హాయిగా పెరిగింది. వంతెన మీద బస్సు వెళ్తుంటే వశిష్ఠ గోదావరి మీద చల్లగాలి తగిలేది. రోజు మొత్తంలో నా ఒక్కదానికే అని మిగిలిన టైము అదే.

జూన్ నుంచి పక్క వీధి పిన్నిగారు మా ఇంటికి వస్తున్నారు. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఎనిమిది నుంచి ఏడింటి దాకా, నెలకు 6,500. డబ్బు మాట, సెలవుల మాట, పాపకు ఫోన్ చూపించకూడదన్న మాట మొదటి రోజే ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. మొదటి ఆయాతో మొహమాటపడి ఇవేవీ మాట్లాడలేదు. పాప మొదటి పుట్టినరోజు జూన్ 20, శుక్రవారం. 19 రాత్రి పదింటి దాకా కూర్చుని 3బి వేసేసి, 20న పూట సెలవు తీసుకున్నాను.

ఆ గది సంగతి మళ్లీ చెప్పాలి. ఫిబ్రవరిలో ఒకరోజు గడియ తీసుకుని బయటికి వస్తుంటే షెడ్డులో పనిచేసే ఒకామె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "మేడంగారూ, ఇది ఆఫీసు వాళ్లకేనాండి, మాక్కూడానాండి?" అని అడిగింది. ఆమె బిడ్డకు ఏడు నెలలు. చంకల కింద గట్టిపడి జ్వరంతో ఉంది, అయినా పని మానలేదు. ఆమెకు ప్రసూతి సెలవు ఉందన్న సంగతే తెలియదు. కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నా ఆమెకు ఈఎస్ఐ కోత పడుతోంది. ఆ చందా నెలనెలా 15 లోపు కట్టేది నేనే. కాన్పుకు ముందు వరసగా రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 70 రోజులు కట్టి ఉంటే 26 వారాల జీతం ఈఎస్ఐ నుంచే వస్తుంది. ఆమె పేరు నేను ప్రతి నెలా స్క్రీను మీద చూస్తున్నదే. ఆమె కాగితాలు తెచ్చింది, క్లెయిము వేయడానికి నేను కూర్చున్నాను. డబ్బు పడడానికి రెండున్నర నెలలు పట్టింది. తర్వాత ఇంకో నలుగురు వచ్చారు. గదిలో మిగతా సగం పెట్టెలు కూడా మార్చిలో తీసేశారు. ఒక చాప, తాడుతో కట్టిన చీర ఉయ్యాల వచ్చాయి.

ఆగస్టు మాకు భయంతో గడిచింది. అమెరికా సుంకాలు మొదట 25 శాతం, 27 నుంచి మొత్తం 50 శాతం అయ్యాయి. ఆ తేదీ లోపు సరుకు పంపాలని రాత్రింబగళ్లు పని. ఆ తర్వాత షెడ్డులో షిఫ్టు తగ్గింది. ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తారని మాట పుట్టింది. విరామాలు తీసుకునేదాన్ని కాబట్టి ముందు నా పేరే ఉంటుందని నాకు అనిపించేది. ఆ నెలలో నాలుగు రోజులు విరామం తీసుకోకుండా కూర్చున్నాను. ఎవరూ వద్దనలేదు, నాకు నేనే. ఐదో రోజు ఒళ్లు వెచ్చబడి రొమ్ము గట్టిపడింది. యాంటీబయాటిక్స్, డాక్టరు ఫీజు కలిపి 1,350. పక్క సీటు పెద్దావిడ నా చేతిలోంచి ఫైలు లాక్కుని, "వెళ్లి గదిలో కూర్చో" అన్నారు. ఉద్యోగం ఇప్పటిదాకా ఉంది.

ఆ నెలలోనే ఒక మంచి కూడా జరిగింది. ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. రానూపోనూ రోజుకు డెబ్బై పైచిలుకు అయ్యేది. ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు ఇస్తున్నారు. రద్దీ పెరిగి చాలా రోజులు నిలబడే వెళ్తున్నాను. ఆ మిగిలిన డబ్బు పిన్నిగారి జీతంలోకి వెళ్తోంది.

మొత్తం మీద పంపులు, ఐసు ప్యాకుల సంచి, దడి, ఆయాలు, మందులు కలిపి ఈ పది నెలల్లో నలభై ఐదు వేలు దాటింది. అంటే దాదాపు రెండు నెలల జీతం.

సెప్టెంబరు 20, శనివారం. మళ్లీ 3బి రోజే. మధ్యాహ్నం మూడింటికి చివరిసారి గదిలోకి వెళ్లాను. ఆ వేళకు పాలు పెద్దగా రావడం లేదు, అయినా ఇరవై నిమిషాలూ కూర్చున్నాను. ఉయ్యాలలో ఎవరి బిడ్డో నిద్రపోతోంది. బయటికి వచ్చేసరికి ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయి సెలవు చీటీ పట్టుకుని నిలబడి ఉంది. జనవరి 12 కాన్పు తేదీ ఇచ్చారట. డిసెంబరు మొదటి తారీఖు నుంచి సెలవు అని రాసుకొచ్చింది. గోడ మీద క్యాలెండరు దించి స్టూలు మీద పెట్టి, ఇద్దరం 182 రోజులు వేలితో లెక్కపెట్టాం. మే 31 వచ్చింది. బిడ్డకు ఆరు నెలలు నిండేది జులై 12న. ఆమె కాసేపు ఆ రెండు తేదీలూ మార్చి మార్చి చూసి, పెన్ను అడిగి తీసుకుంది.